ఒక్క 'ఆల్రెడీ' మోసే బరువు

సింగపూర్‌లో మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక తిండి దుకాణాలు గుంపుగా ఉండే ఏ హాకర్ సెంటర్‌లోనైనా వినిపించే మూడు ముక్కలతో మొదలుపెడతాను. వచ్చినతను అడుగుతాడు, "అంకుల్, చికెన్ రైస్ గాట్ ఆర్ నాట్?" అని. గిన్నెలు సర్దుకుంటున్న పెద్దాయన తల ఎత్తకుండానే "ఫినిష్ ఆల్రెడీ" అంటాడు. "దెన్ హౌ?" అంటాడు వచ్చినతను. ఉందా లేదా, అయిపోయింది, మరెలా. అంతే సంభాషణ. రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం చదివి పరీక్షలు రాసిన మనవాళ్ళ చేతికి ఈ మూడు వాక్యాలూ ఇస్తే ఎర్ర సిరా సీసా ఖాళీ అవుతుంది. ఒకదానికి కర్త లేడు, ఇంకొకదానిలో క్రియకు కాలం లేదు, మూడోదానిలో అసలు క్రియే లేదు. అయినా అక్కడ నిలబడ్డ ఇద్దరిలో ఎవరికీ ఏ సందేహమూ రాలేదు. ఉనికి గురించి అడిగారు, పని ముగిసిన సంగతి తెలిసింది, ఆ ముగింపు నుంచి తర్వాతి ప్రశ్న పుట్టింది. ఉనికి, కాలం, అనుబంధం మూడూ చేరవలసిన చోటికి చేరాయి. క్రియ మోయకపోతే వాటిని ఎవరు మోశారు? ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఆ మోత గురించే. మనం తప్పు అని కొట్టేసే వాక్యాలలో చాలావాటిలో జరిగింది లోపం కాదని, ఒకరి పని ఇంకొకరు అందుకోవడమని నా వాదన.

వాక్యమన్నాక కొన్ని పనులు ఎవరో ఒకరు చెయ్యక తప్పదు. పని ఎప్పుడు జరిగిందో చెప్పాలి, ముగిసిందో లేదో చెప్పాలి, పక్క వాక్యంతో దానికి ఉన్న సంబంధం చెప్పాలి. పుస్తకాల ఇంగ్లీషు ఈ పనులను స్పష్టంగా పంచింది. కాలమూ ముగింపూ క్రియ బాధ్యత. 'ఈట్' ఒకప్పుడు 'ఎట్' అవుతుంది, ఇంకొకప్పుడు 'హావ్ ఈటెన్' అవుతుంది. రెండు వాక్యాలను కలపడం 'ఇఫ్', 'బికాజ్', 'ఆల్దో' వంటి సముచ్చయాల బాధ్యత. క్రియావిశేషణం మాత్రం చుట్టపుచూపుగా వచ్చే మనిషి. ఉంటే బాగుంటుంది, లేకపోయినా ఇల్లు గడుస్తుంది. నమ్మకం లేకపోతే తీసి చూడండి. 'ఐ హావ్ ఆల్రెడీ ఈటెన్' అన్న వాక్యంలోంచి 'ఆల్రెడీ'ని తీసేస్తే 'ఐ హావ్ ఈటెన్' మిగులుతుంది. నువ్వు అనుకున్నదానికంటే ముందే అనే చిన్న ఛాయ పోయింది తప్ప తిండి అయిపోయిన సంగతికి ఏ ఢోకా లేదు. ఇప్పుడు సింగపూర్ వాక్యం తీసుకుందాం, 'ఐ ఈట్ ఆల్రెడీ'. ఇందులోంచి ఆ మాట తీసేస్తే 'ఐ ఈట్' అనే రెండు మాటలు మిగులుతాయి. అది తిన్న సంగతి చెప్పదు, తినే అలవాటు చెబుతుంది. ఇక్కడ 'ఆల్రెడీ' చుట్టం కాదు, ఇంటి దూలం. మాట ఒకటే, ఉద్యోగం వేరు. ఈ తీసి చూసే పరీక్షను చివరిదాకా దగ్గర ఉంచుకుందాం, పనికొస్తుంది.

ఆ ఉద్యోగానికి నిబంధనలు కూడా ఉన్నాయి. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం బోధించిన బావో జిమింగ్ 1995లో ఈ ఒక్క 'ఆల్రెడీ' మీదే ఒక వ్యాసం రాశారు. ఒక మాట మీద వ్యాసమా అనిపిస్తుంది కానీ తవ్వినకొద్దీ సరుకు వస్తుంది. 'ఐ వాష్ మై హ్యాండ్ ఆల్రెడీ' అంటే కడుక్కోవడం ముగిసింది. 'రెయిన్ ఆల్రెడీ' అంటే వాన వెలిసిందని కాదు, వాన మొదలైందని. 'మై సన్ గో స్కూల్ ఆల్రెడీ' అంటే మా అబ్బాయి బడికి వెళ్ళే ఈడు వాడయ్యాడు, వెళ్తున్నాడు. 'ఐ లైక్ డూరియన్ ఆల్రెడీ' అంటే ఇదివరకు ఆ పండు వాసనకే ముక్కు మూసుకునేవాణ్ణి, ఇప్పుడు ఇష్టం కుదిరింది. ఒక స్థితి పోయి ఇంకో స్థితి వచ్చింది అన్నదే వీటన్నిటి ఉమ్మడి అర్థం. ముగింపైనా మొదలైనా మలుపు ఒకటి దాటాలి, దాటితేనే ఆ మాటకు చోటు. దాని మూలం వెతకడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. మాండరిన్‌లో వాక్యం చివర చేరే 'ల' అనే చిన్న పదం, మరో చీనా భాష హొక్కియెన్‌లో 'లియావ్' సరిగ్గా ఈ పనే చేస్తాయి. మలయ్ భాషలో 'సుదా' కూడా ముగింపు చెబుతుంది కానీ అది క్రియకు ముందు కూర్చుంటుంది, తిన్నానని చెప్పడానికి 'సుదా మకాన్' అంటారు. సింగపూర్ 'ఆల్రెడీ' వాక్యం చివరే కూర్చుంటుంది కాబట్టి కుర్చీ చీనా భాషలదని తెలుస్తూనే ఉంది. ఇలా జరగడం ఇదే మొదలు కాదు. ఐర్లండ్‌లో జనం 'ఐ యామ్ ఆఫ్టర్ ఈటింగ్' అంటే ఇప్పుడే తిన్నానని అర్థం. ఐరిష్ భాష తన వాక్యపు అచ్చులో ఇంగ్లీషు మాటలు పోసిందన్నమాట. న్యూయార్క్ ఇంగ్లీషులో విసుగొచ్చినప్పుడు 'ఇనఫ్ ఆల్రెడీ' అనడం యిడ్డిష్ మాట్లాడే యూదులు ఇచ్చిపోయిన సొత్తు. ఐర్లండ్ వాక్యాన్ని జానపద సౌందర్యమనీ, న్యూయార్క్ వాక్యాన్ని చమత్కారమనీ మెచ్చుకునే పెద్దలు సింగపూర్ వాక్యం వినగానే మొహం ముడుచుకోవడానికి వ్యాకరణంలో కారణం నాకు దొరకలేదు.

తెలుగువాళ్ళం కూడా 'ఆల్రెడీ'ని వదల్లేదు. 'ఆల్రెడీ తినేశా' అనని తెలుగువాడు ఇవాళ పట్నంలో అరుదు. అయితే మన వాక్యంలో అది ఎక్కడ కూర్చుందో చూడండి. క్రియకు ముందు. తెలుగు వాక్యంలో చివరి పీట క్రియది, దాన్ని ఎవరికీ ఇవ్వదు. పైగా మన దగ్గర ఆ మాట నిజంగా చుట్టమే. తీసేస్తే 'తినేశా' మిగులుతుంది, ముగింపు చెక్కుచెదరదు. ఎందుకంటే ఆ ముగింపును మోస్తున్నది 'తిని' పక్కన చేరిన 'వేశా' అనే రెండో క్రియ. 'వచ్చేసింది', 'అయిపోయింది', 'పడిపోయాడు' అన్నీ ఈ బాపతే. అందుకే తెలుగు దేశం నుంచి కొత్తగా సింగపూర్ వచ్చిన మనిషి ఇంగ్లీషులో 'ఆల్రెడీ ఐ ఎట్' అంటాడు, పదేళ్ళుగా అక్కడ ఉన్న పక్కింటివాడు 'ఐ ఈట్ ఆల్రెడీ' అంటాడు. ఇద్దరూ పుస్తకం ప్రకారం ఒక అడుగు పక్కకు వేసినవాళ్ళే, కానీ వేరువేరు దిక్కులకు. ఆ అడుగుల గుర్తులు చూసి ఎవరిది ఏ ఊరో చెప్పొచ్చు.

ఇక వ్యతిరేకం. నిన్న వెళ్ళలేదు అనడానికి సింగపూర్‌లో 'యెస్టర్‌డే ఐ నెవర్ గో' అంటారు. పుస్తకం ఇంగ్లీషులో 'నెవర్' అంటే ఏనాడూ లేదని. ఇక్కడ జీవితకాలపు ప్రస్తావన ఏమీ లేదు, ఆ ఒక్కసారికి జరగలేదు, అంతే. 'డిడ్‌ంట్' అనే సహాయక క్రియ చెయ్యాల్సిన పనిని ఒక క్రియావిశేషణం నెత్తికెత్తుకుంది. 'ఈట్ ఆల్రెడీ ఆర్ నాట్?' అని అడిగితే 'హావ్‌ంట్' అని ఒక్క మాటలో జవాబు వస్తుంది, 'ఇంకా లేదు' అన్నట్టు. 'గాట్' అనే మాట ఉందా, ఉన్నారా, ఉంటుందా అనే అన్ని ప్రశ్నలకూ సరిపోతుంది. మన 'లేదు'ను తలుచుకోండి. 'కట్టలేదు' అంటే 'డిడ్‌ంట్ పే' అవుతుంది, 'హాజ్‌ంట్ పెయిడ్' కూడా అవుతుంది. ఉనికి లేదనడానికి వాడే మాటే జరగలేదనడానికీ వాడతాం. మాండరిన్‌లో 'మెయ్'దీ ఇదే కథ. 'కెన్' సంగతి మరీ ముచ్చటైనది. 'కెన్ ఆర్ నాట్?' 'కెన్.' మలయ్‌లో 'బోలే', తెలుగులో 'అవుతుందా? అవుతుంది.' ఎవరికి, ఎవరివల్ల అన్న ప్రసక్తి లేకుండా పని సాధ్యాసాధ్యాలు తేల్చేసే క్రియ పక్కపక్క దేశాల భాషలకు అవసరమైంది, పుస్తకం ఇంగ్లీషుకు మాత్రం కర్త లేకుండా కాలు కదపడం చేతకాదు.

అసలు రుచి సముచ్చయాల దగ్గర ఉంది. 'నో మనీ, డోంట్ బై' అంటారు. ఇందులో 'ఇఫ్' లేదు. రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి మధ్య చిన్న విరామం ఇస్తే షరతు పుట్టింది. మనం 'డబ్బు లేకపోతే కొనకు' అంటాం. మన దగ్గర కూడా 'ఇఫ్'కు సమానమైన విడి మాట లేదు, క్రియ చివర 'తే' అంటించాం. సంస్కృతంలో షరతు చెప్పే 'చేత్' పేరు మీదుగా మన వ్యాకర్తలు దాన్ని చేదర్థకమన్నారు. సింగపూర్ ఆ తోక కూడా అక్కర్లేదంది. తర్వాత 'ఆల్సో' చూద్దాం. 'యూ ఆస్క్ హిమ్ ఆల్సో, హి వోంట్ టెల్.' తీసి చూసే పరీక్ష పెడితే 'ఆల్సో' పోగానే వాక్యం అర్థం తిరగబడుతుంది, అడిగితే చెప్పడు అన్నట్టవుతుంది. అంటే ఈ 'ఆల్సో' తన 'కూడా' అనే అర్థం వదిలేసి 'ఈవెన్ ఇఫ్' ఉద్యోగంలో చేరింది. మాండరిన్‌లో 'కూడా' అనే అర్థమున్న 'యే' ఇలాగే రెండు పనులూ చేస్తుంది. ఇక్కడ తెలుగు చెవికి ఒక గంట మోగాలి. 'అడిగినా చెప్పడు' అంటాం కదా, ఆ 'అడిగినా' పాత రూపం 'అడిగినను'. చివరి 'ను' ఎవరు? 'రాముడును, లక్ష్మణుడును' అన్నప్పుడు వచ్చే సముచ్చయమే, అంటే కూడా అన్న అర్థమే. వ్యాకర్తలు దీనికి పెట్టిన పేరు అప్యర్థకం, సంస్కృతంలో 'అపి' అంటే కూడా. చీనా భాషలూ తెలుగూ, ఒకదానికొకటి చుట్టరికం లేనివి, 'అయినప్పటికీ' అనే బరువైన భావాన్ని 'కూడా' అనే తేలిక మాట భుజాన వేశాయి. ఇది అజ్ఞానమే అయితే రెండు చోట్ల ఒకే అజ్ఞానం ఒకే ఆకారంలో పుట్టడం విచిత్రమే.

'అంటిల్' కూడా ఇలాగే పొలిమేర దాటింది. 'హాట్ అంటిల్ కెనాట్ డ్రింక్' అంటే తాగలేనంత వేడి. 'బిజీ అంటిల్ నో టైమ్ టు ఈట్' అంటే తినడానికి తీరిక లేనంత పని. పుస్తకంలో 'సో', 'దట్' రెండూ కలిసి చేసే పనిని హద్దు చెప్పే ఒక మాట చేస్తోంది. ఎదురుచూసి ఎదురుచూసి 'నెక్ లాంగ్' అయిందంటారు, మెడ సాగిందని. మన కళ్ళు కాయలు కాశాయి, వాళ్ళ మెడలు సాగాయి. ఎదురుచూపు ఒకటే.

తెలుగులో అసలు క్రియ, క్రియావిశేషణం, సముచ్చయం అనే ఈ మూడు శాఖల మధ్య గోడలు ఎంత పల్చనివో ఒకసారి గమనించాలి. ఇంగ్లీషు వ్యాకరణం భాషాభాగాలు ఎనిమిది అని లెక్క చెప్పి, క్రియావిశేషణానికి ఒక గది, సముచ్చయానికి ఒక గది, క్రియకు ఒక గది ఇచ్చింది. మన సంప్రదాయంలో మొదటి రెండూ ఒకే గదిలో ఉంటాయి, దాని పేరు అవ్యయం. లింగం, వచనం, విభక్తి ఏదొచ్చినా ఖర్చు కాకుండా ఉండేది అవ్యయం. గది సంగతి అలా ఉంచి పుట్టుక చూస్తే ఇంకా తమాషా. 'నెమ్మదిగా', 'అందంగా' అన్న క్రియావిశేషణాల చివరి 'గా' ఎక్కడిది? 'అగు' అనే క్రియదే. 'అయితే', 'అయినా', 'కాబట్టి' అనే సముచ్చయాలు ఎక్కడివి? అవీ ఆ క్రియవే. 'అని', 'అంటే', 'ఎందుకంటే' అన్నవి 'అను' అనే క్రియ పిల్లలు. 'లేకపోతే'లో ఉన్నవి రెండు క్రియలు. అంటే మన వాక్యంలో ఎలా అని చెప్పేదీ, ఎందుకని కలిపేదీ, ఏం జరిగిందని ముగించేదీ ఒకే ఇంటివాళ్ళు. ఇంగ్లీషు మాత్రం పుట్టుకతో వేరా అంటే అదీ లేదు. 'ప్రొవైడెడ్', 'సపోజింగ్' అనేవి క్రియలుగా పుట్టి సముచ్చయాలైనవే, 'మేబీ' రెండు క్రియలు అతుక్కుని క్రియావిశేషణమైంది. 'నో పెయిన్, నో గెయిన్' అని ఇంగ్లీషువాళ్ళు సగర్వంగా చెప్పుకునే సామెతలో 'ఇఫ్' ఎక్కడుంది? 'నో మనీ, డోంట్ బై'కి అది అన్నగారు కాదా? గోడలు కట్టింది బడి పుస్తకం. భాష ఆ గోడల మీదుగా ఎప్పుడూ రాకపోకలు సాగిస్తూనే ఉంది.

దీనికి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. వాటిలో మొదటిది సింగపూర్ ప్రభుత్వానిది. 1999లో ఆ దేశపు మాజీ ప్రధాని లీ క్వాన్ యూ, సింగ్లిష్ అని పిలిచే ఈ సింగపూర్ ఇంగ్లీషు ఒక ప్రతిబంధకమనీ, దాన్ని దేశప్రజల నెత్తిన పెట్టకూడదనీ అన్నారు. ఆ ఏడాదే ప్రధాని గో చోక్ టాంగ్ జాతీయ దినోత్సవ ర్యాలీ ప్రసంగంలో ఒక టీవీ హాస్య ధారావాహిక ప్రస్తావన వచ్చింది. 1997లో మొదలైన 'ఫువా చూ కాంగ్' అది. అందులో పసుపు బూట్ల మేస్త్రీ ధారాళంగా సింగ్లిష్ మాట్లాడతాడు. ఆ పాత్రను ఇంగ్లీషు తరగతులకు పంపే సంగతి దేశప్రధాని ప్రసంగందాకా వెళ్ళింది. కల్పిత పాత్రకు ట్యూషన్ పెట్టించిన ప్రభుత్వం మరొకటి నాకు తెలియదు. 2000లో స్పీక్ గుడ్ ఇంగ్లీష్ ఉద్యమం మొదలైంది. నవ్వుకోవడం తేలికే కానీ వాళ్ళ వాదనలో పస ఉంది. నూనెబావులూ పంటపొలాలూ లేని ఊరుదేశం ప్రపంచంతో వ్యాపారం చేసి బతుకుతుంది. ప్రపంచానికి అర్థంకాని భాష మాట్లాడితే పూట గడవదు. దీన్ని నేను కాదనను. నేను కాదనేది ఆ వాదన అడుగున దాగిన ఇంకో మాటను, సింగ్లిష్ అంటే నేర్చుకోవడంలో సగంలో ఆగిపోయిన ఇంగ్లీషు అన్న మాటను. సగంలో ఆగిపోయినవాళ్ళ తప్పులు చిందరవందరగా ఉంటాయి, ఇవాళ ఒకలా రేపు ఒకలా. 'ఆల్రెడీ' వాడకంలో ఆ చిందరవందర లేదు, చోటు మారదు, షరతు మారదు. భాషాశాస్త్రవేత్త జాన్ ప్లాట్ 1975లోనే ఈ ఊరి ఇంగ్లీషును మెట్లుమెట్లుగా దిగే ఒకే నిచ్చెనగా వర్ణించి, అడుగు మెట్టుకు సింగ్లిష్ అని పేరు చెప్పాడు. మరో భాషాశాస్త్రవేత్త ఆంథియా ఫ్రేజర్ గుప్తా 1994లో వచ్చిన 'ది స్టెప్ టంగ్' అనే పుస్తకంలో సింగపూర్ పిల్లల్లో చాలామందికి ఇది ఇంట్లో పుట్టుకతో వచ్చే భాష అనీ, బడి ఇంగ్లీషు దాని పైన చేరే మరో రకమనీ పరిశీలించి చూపింది. పిల్లలు పుట్టుకతో నేర్చుకునేదాన్ని సగంలో ఆగిన చదువు అనడం కుదరదు.

రెండో అభ్యంతరం మనవాళ్ళదే, ముఖ్యంగా భారతీయ దుకాణాలున్న సెరంగూన్ రోడ్ మీద కూరగాయలు కొనుక్కుంటూ పిల్లల మాటలు విని కంగారుపడే అమ్మానాన్నలది. వ్యాకరణమంతా ఒప్పుకుంటాం, రేపు పరీక్షలో, ఉద్యోగంలో ఈ వాక్యాలు నడుస్తాయా అని అడుగుతారు. నడవవు. నడవకపోవడానికి ఒక నిజమైన కారణం కూడా ఉంది, అది గౌరవమర్యాదల లెక్క కాదు. 'హి నెవర్ పే' అని ఒక ఉద్యోగి లండన్ కార్యాలయానికి రాస్తే అక్కడివాళ్ళు ఆ ఖాతాదారు ఏనాడూ పైసా కట్టని ఘనుడని అర్థం చేసుకుంటారు. రాసినవాడి ఉద్దేశం ఈ నెల కట్టలేదని మాత్రమే. 'ఐ సెండ్ ఆల్రెడీ' అని రాస్తే ఎప్పుడు పంపావని ఇంకో ఉత్తరం వస్తుంది. కాబట్టి పుస్తకం ఇంగ్లీషు నేర్పాల్సిందే, ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. ఎలా నేర్పాలన్న దగ్గరే నా పేచీ. తప్పు, తప్పు అని పదిసార్లు అంటే పిల్లవాడికి తెలిసేది పెద్దవాళ్ళకు కోపం వచ్చిందని మాత్రమే. 'నువ్వు ముగింపును ఆల్రెడీకి అప్పగించావు, ఇక్కడ ఆ పని క్రియకు అప్పగించాలి, అందుకని హావ్ ఈటెన్ అను' అని చెబితే రెండు నిమిషాల్లో పని తేలుతుంది. బరువు దించిన చోటునుంచి ఎత్తి ఇంకో చోట పెట్టడమే కదా. పైగా ఈ పద్ధతి దిద్దేవాళ్ళకూ మంచిది. సింగ్లిష్‌ను చూసి నొసలు చిట్లించే మన పెద్దలు 'ఐ హావ్ సెంట్ ఇట్ యెస్టర్‌డే' అని నిస్సంకోచంగా రాస్తారు. నిన్న అని తేదీ పెట్టాక 'హావ్' పనికిరాదని పుస్తకం ఇంగ్లీషు నియమం. 'పంపాను' అన్న ఒక్క తెలుగు రూపం రెండిటికీ చాలుతుంది కాబట్టి మన చెవికి తేడా తగలదు. అలాగే 'ఆల్దో ఇట్ రెయిన్డ్, బట్ వుయ్ వెంట్' అని రెండు సముచ్చయాలు జోడిస్తారు. మాండరిన్ మాట్లాడేవాళ్ళూ అదే చేస్తారు, వాళ్ళ భాష రెంటినీ అడుగుతుంది కనుక. 'ఇంకా' సంగతి చెప్పనే అక్కర్లేదు. 'స్టిల్', 'యెట్', 'మోర్' మూడూ మనకు ఒకే 'ఇంకా'. ఇంకా రాలేదు, ఇంకా ఇక్కడే ఉన్నాడు, ఇంకా కావాలి. ఒకే జేబులోంచి మూడు తాళాలు తియ్యాలంటే తడబాటు సహజం.

సింగపూర్ తెలుగు పిల్లవాడి పరిస్థితి ఇంకొంచెం చిక్కు. ఆ దేశంలో నాలుగు అధికార భాషలు, ఇంగ్లీష్, మలయ్, మాండరిన్, తమిళం. బడిలో మాతృభాష పాఠం తప్పనిసరి. భారతీయ భాషల్లో తమిళం కాక హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూలకు చోటు దొరికింది, తెలుగుకు దొరకలేదు. 1975 నుంచి సింగపూర్ తెలుగు సమాజం ఉన్నా బడి పట్టికలో తెలుగు లేదు. అందుకని మన పిల్లవాడు మాతృభాష గంటలో తన మాతృభాష కానిది చదువుతాడు, ఇంట్లో తెలుగు వింటాడు, మైదానంలో సింగ్లిష్ మాట్లాడతాడు, పరీక్షలో పుస్తకం ఇంగ్లీషు రాస్తాడు. ఇన్ని భాషలు బుర్ర చెడగొడతాయన్న భయం చాలా ఇళ్ళల్లో ఉంది. నాకు కనబడేది వేరు. ఒకే సంగతిని క్రియతో, క్రియ తోకతో, వాక్యం చివరి చిన్న మాటతో మూడు రకాలుగా చెప్పగలిగిన పిల్లవాడికి వ్యాకరణమంటే ఏమిటో సగం అప్పటికే తెలుసు. 'తినేశా' అన్న ఒక్క మాట మిగతా రెండిటికీ తాళంచెవి. ఇంట్లో తెలుగు మానేస్తే ఇంగ్లీషు బాగుపడుతుందనుకునే తల్లిదండ్రులు ఆ తాళంచెవిని సముద్రంలో పారేస్తున్నారు.

మూడో అభ్యంతరం కొంచెం సూక్ష్మమైనది. తెలుగుతో ఇన్ని పోలికలు చెబుతున్నారు, సింగ్లిష్ తయారీలో మన వాటా ఏమైనా ఉందా, లేక ఇదంతా స్వభాషాభిమానమా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. తొలినాటి ఇంగ్లీషు బళ్ళలో యురేషియన్లు, భారతీయులు, సింహళంనుంచి వచ్చినవాళ్ళు పంతుళ్ళుగా ఉన్న మాట నిజమే కానీ, 'ఆల్రెడీ' గురించి, 'ఆల్సో' గురించి నేను చెప్పిన పోలికలకు మూలం హొక్కియెన్, మాండరిన్, మలయ్ వంటి భాషలే. తెలుగుతో ఉన్నది రక్తసంబంధం కాదు, పోలిక మాత్రమే. మనుషుల మొహాల్లో పోలికలుండవూ, అలాంటిది. పోలిక మన గొప్ప చాటుకోవడానికి కాదు, అది తప్పు కాదని నిరూపించే సాక్షిగా పిలిచాను. వెయ్యేళ్ళ సాహిత్యమున్న భాష షరతును 'ఇఫ్' లేకుండా చెప్పగలిగితే, ఇంకొకరు చెప్పడం బుద్ధిమాంద్యం ఎలా అవుతుంది?

గిడుగు రామమూర్తి పంతులు పేరు ఇక్కడ గుర్తురాక తప్పదు. జనం నోటిభాషను గ్రామ్యమని ఈసడించిన పండితులతో ఆయన జీవితకాలం పోరాడాడు. ఆయన వాదన పద్ధతిలో ఒక పదును ఉంది. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టినవాళ్ళ పుస్తకాలే తెరిచి, వాళ్ళ నియమాలు వాళ్ళే ఎక్కడెక్కడ తప్పారో ఏరి చూపించాడు. 1933లో వచ్చిన 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం' పేరులోనే ఆ కొరడా చప్పుడు వినిపిస్తుంది. అయితే ఆ పోలికను సింగ్లిష్‌కు పూర్తిగా అతికించబోతే ఊడిపోతుంది. గిడుగు అడిగింది శిష్టవ్యావహారికం, చదువుకున్నవాళ్ళు మాట్లాడే భాషను పుస్తకాల్లోకి రానివ్వమని. సింగపూర్‌లో సింగ్లిష్‌ను ఇష్టపడేవాళ్ళలో ఎక్కువమంది దాన్ని పాఠ్యపుస్తకంలో పెట్టమని అడగడం లేదు, తిట్టకుండా వదిలేయమంటున్నారు. 2016లో కవి గ్వీ లీ సుయి న్యూయార్క్ టైమ్స్‌లో సింగ్లిష్ తరఫున వ్యాసం రాస్తే ప్రధాని పత్రికా కార్యదర్శి అదే పత్రికలో జవాబిచ్చారు, సింగ్లిష్ పుస్తకం ఇంగ్లీషు నేర్చుకోవడాన్ని కష్టం చేస్తుందని. ఆ జవాబులో భయం అర్థమవుతుంది. కానీ రెండు నియమావళుల మధ్య తేడా స్పష్టంగా చూపిస్తే కష్టం తగ్గుతుందా, ఒకదాన్ని లేనట్టు నటిస్తే తగ్గుతుందా? ఆ ఏడాదే ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు 'హాకర్ సెంటర్', మెచ్చుకోలుగా అనే 'షియోక్' వంటి సింగపూర్ మాటలు చేర్చుకుంది. మాటలకు పీట వెయ్యడం సులువు, కంటికి కనిపిస్తాయి. వాక్యం చివర కూర్చుని కాలాన్ని మోస్తున్న 'ఆల్రెడీ' ఎవరి కంటా పడదు, ఎందుకంటే అది చూడ్డానికి పాత ఇంగ్లీషు మాటలాగే ఉంటుంది.

సింగపూర్ 2020 జనగణనలో అయిదేళ్ళు దాటిన నివాసుల్లో 48.3 శాతం మంది ఇంట్లో ఎక్కువగా మాట్లాడేది ఇంగ్లీషని తేలింది. అంతకు పదేళ్ళ ముందు అది 32.3 శాతం. ఏ ఇంగ్లీషు అన్న ప్రశ్న ఆ కాగితంలో లేదు. తిన్నావా అని వంటింట్లోంచి కేక వేస్తే గదిలోంచి వచ్చే జవాబు 'ఐ హావ్ ఈటెన్' అయినా, 'ఈట్ ఆల్రెడీ' అయినా ఆ గడిలో పడేది ఒకే టిక్కు. ఇంకో గదిలోంచో వీడియో కాల్‌లోనో తెలుగు అమ్మమ్మ అడిగితే, అదే గొంతు 'తినేశా' అంటుంది, దానికి ఆ కాగితంలో చోటు వేరే వరుసలో వెతుక్కోవాలి.